చార్మినార్ రూపాయి గుమ్మంలోని అక్షరం కనిపించాలంటే: నాణేలను ఫొటో తీసే పద్ధతి

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు హాలీ సిక్కా (హైదరాబాద్ సంస్థానపు సొంత నాణెం) వెండి రూపాయి మీ దగ్గర ఉంటే, దాన్ని ఒకసారి కిటికీ దగ్గరకు తెచ్చి చూడండి. ఒక వైపు చార్మినార్ ఉంటుంది. దాని నడిమి కమాను కింద, గుమ్మంలో, పారశీ లిపిలో చిన్న అక్షరం ఒకటి కనిపిస్తుంది. ఉస్మాన్ పేరులోని తొలి అక్షరమైన ‘ఐన్’ అది. ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయిపై అదే చోట ‘మీమ్’ ఉంటుంది. ఉస్మాన్ అలీ ఖాన్ పాలన తొలినాళ్ల నాణేల్లో ఐన్ పొట్టిగా ఉన్నవి కొన్ని, పూర్తి రూపంలో ఉన్నవి కొన్ని కావడంతో సేకర్తలు వాటిని రెండు వేర్వేరు రకాలుగా లెక్కిస్తారు. చేతిలో పట్టుకుని అటూ ఇటూ వంచితే ఇట్టే కనిపించే ఈ అక్షరం, ఫొటో తీయగానే చాలాసార్లు మాయమైపోతుంది. నేను తొలిసారి ఈ రూపాయిని ఫ్లాష్ వేసి తీసినప్పుడు చార్మినార్ ఉండాల్సిన చోట తెల్లటి మరక, దాని చుట్టూ నల్లటి వలయం మాత్రమే మిగిలాయి.

మంచి కెమెరా కొంటే ఈ ఇబ్బంది తీరుతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకుని కొంత డబ్బు పోగొట్టుకున్నాను. ఇది కెమెరాతో కంటే దీపంతో తేలే వ్యవహారం. అందుకే కింది పద్ధతిలో కెమెరా గురించి తక్కువగా, వెలుతురు గురించి ఎక్కువగా చెప్పాను.

ముందు నాణెం సంగతి

ఫొటో బాగా రావాలని నాణేన్ని తోమకండి. మా ఇంట్లో పెద్దవాళ్లు ఇత్తడి సామాను తోమినట్టే రాగి నాణేలను కూడా ఒక పండగకు చింతపండు పెట్టి తోమేశారు. అవి తళతళలాడాయి గానీ, దశాబ్దాలుగా పట్టిన గోధుమ రంగు పొర పోయి, గులాబి రంగులో, సన్నని గీతలతో మిగిలాయి. అలా తోమిన నాణేన్ని సేకర్త ఎవరైనా దూరం నుంచే గుర్తుపడతారు, దాని విలువ కూడా బాగా పడిపోతుంది. కాబట్టి దుమ్ము ఉంటే కెమెరా దుకాణంలో దొరికే చిన్న రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. నోటితో మాత్రం ఊదకండి, ఉమ్మి తుంపర పడిన చోట వెండిపైనా రాగిపైనా కాలక్రమంలో మచ్చలు తేలుతాయి. నాణేన్ని ఎప్పుడూ అంచులతోనే పట్టుకోండి, కింద మెత్తటి గుడ్డ పరిచి ఉంచండి.

ప్లాస్టిక్ కవర్‌లో ఉన్న నాణేన్ని వీలైతే బయటికి తీసే ఫొటో తీయాలి. మెత్తటి పీవీసీ కవర్లలో ఏళ్ల తరబడి ఉన్న నాణేలకు ఆకుపచ్చని జిడ్డు పట్టే ప్రమాదం కూడా ఉంది కనుక, ఫొటో నెపంతో ఒకసారి పరీక్షించినట్టూ ఉంటుంది. నాణేన్ని మధ్యలో పెట్టి పిన్నులతో బిగించే అట్ట హోల్డర్లను విప్పేటప్పుడు ముందు పిన్నులన్నీ పూర్తిగా పీకేయండి. సగం ఊడిన పిన్ను నాణెం మీద గీసే గీత ఇక జన్మలో పోదు.

సాధనకు విలువైన నాణెం అక్కర్లేదు. జేబులోని రూపాయి బిళ్ల తీసుకోండి. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో ముద్రించినది. ఆ నక్షత్రం ఐదు మొనలూ విడివిడిగా కనిపించేలా తీయగలిగిన రోజున అసలు నాణేల జోలికి వెళ్లవచ్చు.

కెమెరా, లెన్స్: ఎంత దగ్గరగా వెళ్లాలి

చిన్న వస్తువులను దగ్గర నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్స్ ఉంటే మంచిదే, కానీ లేదని ఆగిపోనవసరం లేదు. కెమెరాతో పాటు వచ్చే 18-55 మి.మీ. లెన్స్ చాలావరకు వస్తువును సెన్సార్ (కెమెరా లోపల బొమ్మను పట్టే పలక) మీద అసలు పరిమాణంలో మూడో వంతు వరకు చూపగలదు. చార్మినార్ రూపాయి వ్యాసం సుమారు 30 మి.మీ., అంటే సెన్సార్ మీద దాని బొమ్మ 10 మి.మీ. వస్తుంది. ఇలాంటి కెమెరాల్లో మామూలుగా ఉండే ఏపీఎస్-సీ సెన్సార్ ఎత్తు 15 మి.మీ. పైచిలుకు ఉంటుంది కాబట్టి నాణెం అందులో మూడింట రెండు వంతులు ఆక్రమిస్తుంది. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో నాణెం అడ్డంగా దాదాపు 2,600 పిక్సెళ్లు వస్తుంది. ఆల్బమ్‌కైనా అచ్చుకైనా అది ధారాళంగా సరిపోతుంది.

చిక్కంతా చిన్న నాణేలతోనే వస్తుంది. విజయనగర కాలపు వరహా సుమారు 3.4 గ్రాముల బంగారం, అర వరహా అందులో సగం. వేలి గోరుకు మించని ఆ నాణెం మీది శివపార్వతులను గుర్తుపట్టేలా తీయాలంటే మామూలు లెన్స్ చాలదు. అప్పుడు కూడా వెంటనే మాక్రో లెన్స్ కొనకుండా, కెమెరాకూ లెన్స్‌కూ మధ్య తగిలించే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు ప్రయత్నించవచ్చు. అవి లోపల గాజు లేని ఖాళీ గొట్టాలే కాబట్టి ధర తక్కువ. 50 మి.మీ. లెన్స్‌కు 25 మి.మీ. గొట్టం తగిలిస్తే నాణెం అసలు పరిమాణంలో సగానికి పైగా సెన్సార్ మీద పడుతుంది. మాక్రో లెన్సే కొనదలిస్తే 60 మి.మీ. కంటే 100 మి.మీ. లెన్స్ మేలు. అది నాణేనికి కాస్త దూరం నుంచే పని చేస్తుంది కనుక మధ్యలో దీపాలు పెట్టుకోవడానికి చోటు మిగులుతుంది.

జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరా అయితే పువ్వు గుర్తున్న మాక్రో మోడ్‌లో పెట్టండి. అవి రెండు మూడు సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్లగలవు గానీ, అంత దగ్గరికి వెళితే కెమెరా నీడే నాణెం మీద పడుతుంది, గుండ్రటి అంచు కూడా వంకరగా వస్తుంది. కొంచెం వెనక్కి జరిగి, కొద్దిగా జూమ్ చేసి, మిగిలిన ఖాళీని తర్వాత కత్తిరించుకోవడమే మంచి మార్గం.

కెమెరాను తలకిందులుగా నిలబెట్టడం

కెమెరా నాణెం మీదికి నిట్టనిలువుగా కిందికి చూడాలి. కొన్ని ట్రైపాడ్‌ల నడిమి కడ్డీని ఊడదీసి తలకిందులుగా బిగించవచ్చు, కొన్నిటిలో అదే కడ్డీ అడ్డంగా తిరుగుతుంది. రెండూ కుదరకపోతే కెమెరాను కిందికి చూసేలా పట్టి ఉంచే కాపీ స్టాండ్ ఒకటి సంపాదించండి. బల్ల కదలనిదై ఉండాలి. మేడ మీద ఎవరైనా నడిచినా ఊగే బల్ల కంటే నేల మీద పీట వేసుకుని కూర్చోవడం నయం. సీలింగ్ ఫ్యాన్ తప్పకుండా ఆపేయండి. గాలికి ట్రైపాడ్ అదురుతుంది, ఊదేసిన దుమ్ము మళ్లీ వచ్చి వాలుతుంది, దీపం పైన ఉంటే రెక్కల నీడ కూడా పడుతుంది.

కెమెరా నిటారుగా ఉందో లేదో కంటితో అంచనా వేయడం కష్టం. దానికి తేలికైన ఉపాయం ఉంది. నాణెం పెట్టబోయే చోట చిన్న చేతి అద్దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, కెమెరా తెరలో చూడండి. లెన్స్ తన ప్రతిబింబాన్ని తానే చూసుకుంటుంది. ఆ ప్రతిబింబం సరిగ్గా తెర మధ్యలోకి వచ్చేవరకు ట్రైపాడ్ తలను సర్దితే, సెన్సారూ నాణెమూ సమాంతరంగా ఉన్నట్టే. ఈ రెండు నిమిషాల పని ఎగ్గొడితే నాణెం కోడిగుడ్డు ఆకారంలో రావడమే కాక, ఒక అంచు స్పష్టంగా, రెండో అంచు మసకగా వస్తుంది.

కింద ఏం పరచాలి

నాణేన్ని నేరుగా కాగితం మీద పెట్టకండి. దాని నీడ అంచును అంటుకుని కనిపిస్తుంది, తర్వాత ఆ అంచును వేరు చేయడం తలనొప్పి. నాణెం కంటే చిన్నదైన సీసా మూతను బోర్లించి, దాని మీద నాణేన్ని నిలిపి, రెండు మూడు అంగుళాల కింద బూడిద రంగు లేదా తెల్ల అట్ట ఉంచండి. అట్ట మసకబారి, నాణెం గాలిలో తేలుతున్నట్టు వస్తుంది. చిన్న వరహాకు మూత బదులు పెన్ను టోపీ చాలు. నల్ల మఖమలు చూడటానికి బాగుంటుంది గానీ, ప్రతి దుమ్ము కణమూ అందులో నక్షత్రంలా మెరుస్తుంది. నాకు అంత ఓపిక లేక బూడిద రంగుకే స్థిరపడ్డాను.

1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లు కాణీలకు మాత్రం ఈ మూత ఉపాయం పనిచేయదు, మధ్య రంధ్రంలోంచి మూతే కనిపిస్తుంది. అందుకు ప్లాస్టిక్ పైపును అడ్డంగా కోసిన ఉంగరం లాంటి ముక్క వాడండి. ఆ ముక్క లోపలి వైపు నల్ల రంగు వేస్తే రంధ్రం అంచు పదునుగా వస్తుంది.

వెలుతురు

ఇక్కడ తొందరపడకండి. ముందు గదిలోని ట్యూబ్‌లైట్లన్నీ ఆపి, కిటికీ తెరలు వేసేయండి. రెండు రకాల వెలుతురు కలిసిందంటే వెండి ఒక వైపు నీలంగా, రెండో వైపు పచ్చగా వస్తుంది, దాన్ని కంప్యూటర్‌లో సరిచేయడం దాదాపు అసాధ్యం. తర్వాత మెడ వంచుకునే చదువుకునే ఎల్‌ఈడీ దీపం ఒకటి చేత్తో పట్టుకుని, కెమెరా తెరను చూస్తూ, నాణెం చుట్టూ మెల్లగా తిప్పండి. నాణేన్ని గడియారం అనుకోండి. చార్మినార్ శిఖరాల వైపు పన్నెండు గంటలు.

దీపం పన్నెండు దగ్గర ఉన్నప్పుడు మినార్ల మీది అడ్డ గీతలు, అంతస్తుల అంచులు బాగా తేలుతాయి గానీ, నిలువు గీతలు చదునైపోతాయి. వెలుతురు వచ్చే దిక్కుకు సమాంతరంగా ఉన్న గీతకు నీడ పడదు కదా! దీపాన్ని తొమ్మిది దగ్గరకు తెస్తే సరిగ్గా దీనికి విరుద్ధంగా జరుగుతుంది. అందుకే పదికీ పదకొండుకూ మధ్య నిలిపితే రెండు రకాల గీతలూ నిలబడతాయి. దీపాన్ని ఆరు వైపుకు మాత్రం తీసుకెళ్లకండి. వెలుతురు పైనుంచే వస్తుందని మన కంటికి అలవాటు. కింది వైపు నుంచి వెలుతురు పడితే ఉబ్బెత్తుగా ఉన్న బొమ్మ గుంట పడినట్టు, చార్మినార్ లోపలికి తొలిచినట్టు భ్రమ కలుగుతుంది.

దిక్కు తేలాక ఎత్తు చూడాలి. దీపం బాగా కిందికి, నాణేనికి దాదాపు సమంగా ఉంటే నీడలు పొడుగ్గా సాగుతాయి. అప్పుడు కమాను అంచు నీడ గుమ్మంలోకి పడి ఐన్ అక్షరాన్ని మింగేస్తుంది. నా తొలి ఫొటోల్లో ఫ్లాష్ వల్ల పోయిన అక్షరం, దీపం కొన్న తర్వాత ఈ నీడ వల్ల మళ్లీ పోయింది. దీపాన్ని అంగుళం చొప్పున పైకి లేపుతూ రండి. ఒక చోట నీడ వెనక్కి తగ్గి, అక్షరం ఒక పక్క మెరుస్తూ, మరో పక్క సన్నని నల్ల గీతతో విడిగా నిలబడుతుంది. నా బల్ల మీద అది సుమారు 50 నుంచి 60 డిగ్రీల ఎత్తున వచ్చింది. అక్కడ దీపాన్ని స్థిరంగా బిగించండి.

రెండో దీపం ఉంటే రెండు గంటల దగ్గర, మొదటిదాని కంటే రెట్టింపు దూరంలో పెట్టండి. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, అది నీడలను కాస్త పలుచన చేస్తుందే గానీ పూర్తిగా చెరిపేయదు. రెండు దీపాలనూ సమానంగా పెట్టడం కొత్తవాళ్లు తరచుగా చేసే పొరపాటు. అలా చేస్తే బొమ్మ చదునుగా, స్కానర్‌లో పెట్టి తీసినట్టు వస్తుంది.

దీపం బల్బు ఆకారం నాణెం మీద చుక్కలా మెరుస్తుంటే, దీపానికి ముందు వంటింట్లో వాడే బటర్ పేపర్ గానీ ట్రేసింగ్ పేపర్ గానీ అడ్డం పెట్టండి. దీపం వేడెక్కేదైతే కాగితాన్ని దానికి తగిలించకుండా కొంచెం దూరంగా ఉంచండి. నాణెం చుట్టూ కాగితపు గుడారం కట్టమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అరిగిన నాణేలకు, జిగేలుమనే వెండికి అది కొంతవరకు పనికొస్తుంది గానీ, చలామణిలోకి రాని కొత్త నాణెం మీద చక్రంలా తిరిగే సహజమైన మెరుపును అది చంపేస్తుంది. ఆ మెరుపే ఆ నాణేనికి ప్రాణం కనుక నేను గుడారం వాడను.

అన్ని నాణేలకూ ఒకే వెలుతురు పనికిరాదు. కోటిలింగాల వంటి చోట్ల దొరికిన శాతవాహనుల సీసపు నాణేల్లాంటివి మసక బూడిద రంగులో, అరిగి, మెరుపు లేకుండా ఉంటాయి. వాటికి ఒకే దీపాన్ని బాగా కిందికి దించి, పక్క నుంచి వేస్తేనే ఏనుగో, ఉజ్జయినీ చిహ్నమో (కొనల్లో వలయాలున్న కూడలి గుర్తు) నీడల్లోంచి బయటపడుతుంది. సేకర్తల కోసం ప్రత్యేకంగా ముద్రించే, అద్దంలా మెరిసే ప్రూఫ్ నాణేలది దీనికి పూర్తిగా వేరైన సమస్య. అవి ఎదురుగా ఏది ఉంటే దాన్నే చూపిస్తాయి, ఒకసారి నా ఎర్ర చొక్కా మొత్తం అందులో దిగబడింది. వాటికి ఫొటో ఫ్రేమ్‌లోంచి తీసిన పలుచని గాజు పలకను నాణేనికీ లెన్స్‌కూ మధ్య 45 డిగ్రీల వాలులో నిలిపి, దీపాన్ని పక్క నుంచి ఆ గాజు మీద వేయండి. గాజు కొంత వెలుతురును కిందికి నాణెం మీదికి పంపుతుంది, కెమెరా అదే గాజులోంచి చూస్తుంది. దీపానికి ఎదురు వైపు నల్ల అట్ట పెట్టండి, దీపం వెలుతురు నేరుగా నాణెం మీద పడకుండా మధ్యలో ఇంకొక చిన్న అట్ట అడ్డం పెట్టండి. చదునైన భాగం తెల్లగా, బొమ్మ అంచులు నల్లగా, చెక్కినట్టు వస్తాయి.

కెమెరా అమరికలు

మాన్యువల్ మోడ్‌లో ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సార్ స్పందించే స్థాయి) 100, అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) ఎఫ్/8 దగ్గర మొదలుపెట్టండి. బొమ్మ బాగా ఉబ్బెత్తుగా ఉంటే ఎఫ్/11 వరకు వెళ్లవచ్చు. ఎఫ్/22 పెడితే అంతా స్పష్టంగా వస్తుందనుకోవడం పొరపాటు, రంధ్రం మరీ చిన్నదైతే కాంతి వంగి బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. మన ఇళ్లలో కరెంటు 50 హెర్ట్జ్‌ది కావడంతో చౌక ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు వంద సార్లు మిణుకుతాయి, కాబట్టి షట్టర్ వేగం సెకనులో 50వ వంతు లేదా అంతకంటే నెమ్మదిగా ఉంచితే ఫొటోలో చారలు రావు. కెమెరా ట్రైపాడ్ మీద ఉంది కనుక నెమ్మది షట్టర్‌తో నష్టం లేదు. వేలి అదురు తగలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టండి, లెన్స్‌లో కుదుపు నివారణ మీట ఉంటే ఆపేయండి.

ఫోకస్ చేత్తోనే చేయండి. తెర మీద నాణేన్ని పది రెట్లు పెద్దది చేసి, బొమ్మ ఎత్తుకూ చదును భాగానికీ నడుమ ఉన్న అక్షరం ఏదైనా ఎంచుకుని, అది పదునెక్కేవరకు వలయాన్ని తిప్పండి.

వెలుతురు మోతాదును కెమెరాకు వదిలేస్తే అది ప్రతి దృశ్యాన్నీ మధ్యస్థ బూడిద రంగుగా భావిస్తుంది. అందువల్ల తెల్ల అట్ట మీది వెండి నాణెం మబ్బు పట్టినట్టు, నల్ల గుడ్డ మీది నాణెం తెల్లగా పేలిపోయినట్టు వస్తుంది. కెమెరా తెర మీద హిస్టోగ్రామ్ చూడండి, అది ఎడమ నుంచి కుడికి నలుపు నుంచి తెలుపు దాకా వెలుతురు ఎంతెంత ఉందో గుట్టలా చూపే పటం. కుడి గోడకు గుట్ట తగలకుండా, దానికి కొంచెం ఇవతల ఆగితే సరిపోయినట్టు.

రంగు విషయంలో కెమెరా తానే రంగు సరిచేసుకునే ఆటో వైట్ బ్యాలెన్స్‌ను నమ్మకండి. రాగి కాణీ ఫ్రేమ్ నిండా ఉంటే, కెమెరా ఆ ఎరుపును లోపమని భావించి తగ్గించేస్తుంది. నాణెం పెట్టే చోటే బూడిద రంగు గ్రే కార్డు ఉంచి, ఒక ఫొటో తీసి, దాని ఆధారంగా కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెట్టుకోండి. తెల్ల ఏ4 కాగితంతో కూడా పని జరుగుతుంది గానీ, ఆ కాగితాల్లో కలిపే మెరుపు రసాయనాల వల్ల రంగు కొంచెం తేడా వస్తుంది. కెమెరాలో రా ఫైలు (సెన్సార్ పట్టినదాన్ని మార్చకుండా దాచే ఫైలు) సౌకర్యం ఉంటే జేపెగ్‌తో పాటు అదీ భద్రపరచండి.

తీయడం, సరిచేయడం

బొమ్మ వైపు తీశాక దీపాన్ని గానీ కెమెరాను గానీ కదపకుండా నాణేన్ని మాత్రమే తిప్పి బొరుసు తీయండి. అప్పుడే రెండు వైపులా రంగు, పరిమాణం ఒకేలా ఉంటాయి. బొరుసు మీది అక్షరాలకు వెలుతురు దిక్కు నప్పకపోతే, దీపాన్ని కదిలించే బదులు నాణేన్నే కొంచెం తిప్పండి. ఐదో జార్జి కాలపు అలల అంచున్న అణా బిళ్లపై విలువ నాగరి, బెంగాలీ, ఉర్దూలతో పాటు తెలుగులో కూడా ‘ఒక అణా’ అని ఉంటుంది. ఆ తెలుగు అక్షరాల ఒంపులు గుండ్రంగా ఉండటంతో ఏ దిక్కు నుంచి వెలుతురు వేసినా ఒక ముక్క చదునైపోతుంది. నాణేన్ని పది డిగ్రీల చొప్పున తిప్పుతూ నాలుగైదు ఫొటోలు తీసుకుని, అన్నిటికంటే తేలికగా చదవగలిగినదాన్ని ఉంచుకోండి. కంప్యూటర్‌లో ఫొటోను తిరిగి నిలువుగా సర్దవచ్చు.

అంచును మరచిపోకండి. 1940 నుంచి వెండి పాలు సగానికి తగ్గించిన ఆరో జార్జి రూపాయలకు, దొంగ నాణేలను అరికట్టేందుకు, అంచున ప్రత్యేకమైన గాడి వేశారు. ఆ గాడి కనిపించని ఫొటోతో నాణెం గురించి సగమే తెలుస్తుంది. రెండు రబ్బరు ముక్కల మధ్య నాణేన్ని నిలబెట్టి, కెమెరాను అడ్డంగా పెట్టి, ఒక ఫొటో తీస్తే చాలు.

కంప్యూటర్‌లో చేయాల్సింది తక్కువ. గింప్, డార్క్‌టేబుల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు సరిపోతాయి. చతురస్రంగా కత్తిరించడం, నిటారుగా తిప్పడం, వెలుగు కొద్దిగా సర్దడం, చివరన కొంచెం పదును పెట్టడం, అంతే. పదును ఎక్కువైతే అక్షరాల చుట్టూ తెల్లటి గీత వస్తుంది, అరుగుదల కూడా చెక్కినట్టు కనిపిస్తుంది. నేపథ్యంలోని దుమ్మును చెరపండి గానీ నాణెం మీది గీతలను, మచ్చలను చెరపకండి, అమ్మకానికి పెట్టే నాణెమైతే మరీను. ఆఖరున అసలు నాణేన్ని తెర పక్కన పట్టుకుని రంగు పోల్చండి. వెండి మీది నలుపు, నీలి ఛాయలు తెర మీదా అలాగే ఉండాలి.

ఫైలు పేరు కూడా అప్పుడే పెట్టేయండి. ‘హైదరాబాద్-రూపాయి-హిజ్రీ1330-బొమ్మ’ అని ఉంటే పదేళ్ల తర్వాత కూడా వెతకగలరు, కెమెరా ఇచ్చిన అంకెలతో వదిలేస్తే రేపే వెతకలేరు. పక్కన ఒక పుస్తకంలో బరువు, వ్యాసం, దీపం ఏ గంట దగ్గర ఎంత ఎత్తున ఉంది, అపర్చర్, షట్టర్ వేగం రాసి పెట్టుకోండి. నాణేన్ని తిరిగి హోల్డర్‌లో పెట్టేముందు ఫొటోను ఒకసారి పూర్తి పరిమాణంలో పెద్దది చేసి గుమ్మంలోకి చూడండి. ఐన్ పొట్టిదో పూర్తిదో తేల్చుకోలేకపోతే, దీపం ఇంకా బల్ల మీదే ఉంది కాబట్టి, మరో అంగుళం పైకి లేపి ఇంకొక ఫొటో తీయండి.